రోగనిరోధక కణాలున్న పేగు శ్లేష్మ పొర నమూనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆర్గనాయిడ్లు (అవయవాన్ని పోలిన చిన్న కణ గుంపులు) పెంచడం ఇప్పటికే చేతనైన విద్యార్థులకు, పరిశోధకులకు ఉద్దేశించిన పేజీ ఇది. ఉదాహరణగా మనిషి చిన్నపేగునే ఎక్కువగా తీసుకున్నాం. టాన్సిల్ గురించి విడిగా ఒక ప్రశ్న ఉంది. ఇక్కడ ఇచ్చిన అంకెలు మొదలుపెట్టడానికి పనికొచ్చేవి. మీ కణాలకు, మీ జెల్ లాట్‌కు (ఒకసారి తయారైన సరుకుకు) తగ్గట్టు సవరించుకోక తప్పదు.

మామూలు పేగు ఆర్గనాయిడ్‌లో రోగనిరోధక కణాలు ఎందుకు ఉండవు?

హాన్స్ క్లెవర్స్ ప్రయోగశాల నుంచి 2009లో ఎలుక పేగుకు, 2011లో మనిషి పేగుకు వచ్చిన ఆర్గనాయిడ్ పద్ధతి ఉపకళ (పేగు లోపలి ముఖాన్ని కప్పే కణ పొర) మూలకణాల కోసం తయారైంది. మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) వేసే వింట్, ఆర్-స్పాండిన్, నాగిన్, ఈజీఎఫ్ అనే ప్రోటీన్లు ఆ మూలకణాల అవసరాలే తీరుస్తాయి. క్రిప్టులు (మూలకణాలుండే ఉపకళ గుంటలు) వేరు చేసిన రోజున ఉపకళ మధ్య ఉండే లింఫోసైట్లు కొన్ని వెంట వస్తాయి. కానీ వాటికి కావలసిన ఐఎల్-2, ఐఎల్-15 అనే సంకేత ప్రోటీన్లు (సైటోకైన్లు) ఆ మీడియంలో ఉండవు కాబట్టి అవి కొద్ది రోజుల్లోనే పోతాయి. ఒకటి రెండు పాసేజీలు (కణాలను విడగొట్టి కొత్త జెల్‌లో వేయడం) దాటాక మిగిలేది శుద్ధమైన ఉపకళే. రోగనిరోధక కణాలు కావాలంటే విడిగా చేర్చాలి, లేదా మొదటి నుంచీ కణజాలాన్ని విడగొట్టకుండా పెంచాలి.

ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ముందు మీ ప్రశ్న ఏమిటో తేల్చుకోండి. ఒక మందు వల్ల టీ కణాలు పేగు ఉపకళను చంపుతాయా అన్నది ప్రశ్న అయితే, ఆర్గనాయిడ్లను, అదే దాత నుంచి తీసిన టీ కణాలను జెల్‌లో కలిపి పెంచడం సరైన దారి. బాక్టీరియా పైనుంచి వచ్చినప్పుడు కింది మాక్రోఫేజ్‌లు (బాక్టీరియాను మింగే కణాలు) ఏం చేస్తాయన్నది ప్రశ్న అయితే ట్రాన్స్‌వెల్ (ప్లేటులోని గుంటలో, అంటే బావిలో దిగే, అడుగున రంధ్రాల పొర ఉన్న ఇన్సర్ట్) మీద పరిచిన ఒకే పొర మేలు. వ్యాధి ఉన్న కణజాలంలోని టీ, బీ, మైలాయిడ్ (మాక్రోఫేజ్‌ల వంటి) కణాలన్నీ వాటి పొరుగువాటితో సహా కావాలంటే గాలి-ద్రవం సరిహద్దు పద్ధతి ఉంది. కణజాలాన్ని సన్నగా తరిగి, కొల్లాజెన్ జెల్‌లో పొదిగి, పైభాగం గాలికి తెరిచి, మీడియం కిందినుంచి అందేలా పెంచుతారు. స్టాన్‌ఫర్డ్‌లోని కాల్విన్ కువో బృందం 2018లో కణితులను ఇలా పెంచి, వాటిలోని టీ కణాలు వారాలపాటు నిలిచాయని చూపింది. ఐఎల్-2 వేసినా ఆ కణాలు రోజులు గడిచేకొద్దీ తగ్గుతూనే ఉంటాయి.

ప్రేరిత మూలకణాల (మామూలు కణాలను వెనక్కి మళ్లించి చేసిన మూలకణాల) నుంచి పెంచిన పేగు ఆర్గనాయిడ్లను మానవీకరించిన (మనిషి రోగనిరోధక కణాలున్న) ఎలుకలో నాటితే లింఫాయిడ్ గుంపులు ఏర్పడతాయని 2023లో సిన్సినాటి బృందం చూపింది. అభివృద్ధి దశలను అధ్యయనం చేసేవారికి అది విలువైనదే. పదిమంది దాతలను పోల్చాలనుకునేవారికి మాత్రం ఆచరణలో కుదరదు.

కణజాలం ఎంత కావాలి, ఎంతసేపట్లో తేవాలి?

ఎండోస్కోపీ ముక్క కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది. దానితో ఆర్గనాయిడ్ లైను మొదలుపెట్టవచ్చు గానీ ప్రయోగానికి సరిపడా లింఫోసైట్లు రావు. ఆరు నుంచి పది ముక్కలు ఉంటే పని సాగుతుంది. శస్త్రచికిత్సలో తీసేసిన పేగు భాగం నుంచి, కణితికి దూరంగా ఉన్న చోట, కొన్ని చదరపు సెంటీమీటర్ల శ్లేష్మ పొర దొరికితే రెండూ సమృద్ధిగా వస్తాయి.

చల్లని అడ్వాన్స్‌డ్ డీఎంఈఎం/ఎఫ్12లో యాంటీబయాటిక్, యాంటీఫంగల్ కలిపి, మంచు మీద తీసుకురండి. కొన్ని గంటల్లో మొదలుపెట్టగలిగితే మంచిది. రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచినా క్రిప్టులు సాధారణంగా బతుకుతాయి. లింఫోసైట్ల దిగుబడి మాత్రం పడిపోతుంది, మైలాయిడ్ కణాలకైతే మరీ నష్టం. ఆపరేషన్ థియేటర్‌లో ముక్కను ఫార్మలిన్‌లో వేయకుండా చూసుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. సీసా మీద పెద్ద అక్షరాలతో రాసి, నర్సుకు ముందే చెప్పి ఉంచడం తప్ప వేరే మార్గం లేదు.

క్రిప్టులను, రోగనిరోధక కణాలను ఒకే ముక్క నుంచి తీయడం ఎలా?

కండర పొర, కొవ్వు కత్తిరించి తీసేయండి. శ్లేష్మ పొరను 3–5 మిల్లీమీటర్ల ముక్కలు చేసి, పైనీరు తేటపడేదాకా చల్లని పీబీఎస్‌తో కడగండి. చాలాసార్లు పది కడుగుళ్లు పడతాయి. మ్యూకస్ ఎక్కువగా ఉంటే 0.5 మిల్లీమోలార్ డీటీటీ కలపండి. తర్వాత 5 మిల్లీమోలార్ ఈడీటీఏలో 4 డిగ్రీల దగ్గర 30–45 నిమిషాలు నెమ్మదిగా ఊపుతూ ఉంచండి. ఈడీటీఏ వంపేసి, చల్లని పీబీఎస్ పోసి గట్టిగా కుదిపితే క్రిప్టులు విడుదలవుతాయి. మొదటి కుదుపులో విల్లస్ తునకలు, చచ్చిన కణాలు ఎక్కువగా ఉంటాయి. రెండో, మూడో కుదుపులో వచ్చే ద్రవాన్ని మైక్రోస్కోపు కింద చూసి, క్రిప్టులు నిండుగా ఉన్నదాన్ని ఉంచుకోండి. సెంట్రిఫ్యూజ్‌లో 200–300 జీ (గురుత్వానికి అన్ని రెట్లు) వద్ద 5 నిమిషాలు తిప్పితే అడుగున చేరతాయి. 25–40 మైక్రోలీటర్ల జెల్ బొట్టుకు 100–200 క్రిప్టులు చాలు.

ఉపకళ ఊడిపోయిన మిగతా ముక్కలను పారేయకండి, లామినా ప్రొప్రియా (ఉపకళ కింది పొర) కణాలు వాటిలోనే ఉన్నాయి. ఇక్కడ దారి రెండుగా చీలుతుంది.

మొదటిది ఎంజైము. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము కొల్లాజినేజ్, 100 మైక్రోగ్రాముల డీఎన్ఏజ్‌తో 37 డిగ్రీల దగ్గర 30–60 నిమిషాలు. 70 మైక్రాన్ల జల్లెడ పట్టి, 40/80 శాతం పెర్కాల్ (సాంద్రతను బట్టి కణాలను వేరుచేసే ద్రవం) మీద 600 జీ వద్ద 20 నిమిషాలు, బ్రేకు వేయకుండా తిప్పితే లింఫోసైట్లు మధ్య రేఖలో దొరుకుతాయి. పని అదే రోజు పూర్తవుతుంది. అయితే కొల్లాజినేజ్ లాట్లన్నీ ఒకేలా ఉండవు. కొన్నింటిలోని అదనపు ప్రోటియేజ్‌లు కణాల మీది గుర్తులను కోసేస్తాయి. కొత్త లాటు కొన్నప్పుడల్లా రక్త కణాలను అదే ఎంజైములో అంతే సేపు ఉంచి, సీడీ4, సీడీ8 (టీ కణాల రకాలను తెలిపే గుర్తులు) మెరుపు తగ్గిందో లేదో చూడాలి.

రెండోది కణాలనే బయటకు నడిచి రానివ్వడం. చిన్న ముక్కలను రంధ్రాలున్న ఆధారం మీద పెట్టి, ఐఎల్-2, ఐఎల్-15 ఉన్న మీడియంలో కొన్ని రోజులు ఉంచితే, కణజాలంలోనే స్థిరపడిన జ్ఞాపక టీ కణాలు బయటికి పాకి వస్తాయి. వీటి ఉపరితలానికి ఎంజైము దెబ్బ తగలదు. ఇలా వచ్చిన కణాలను అదే దాత ఆర్గనాయిడ్లతో కలిపి స్విస్ ఔషధ సంస్థ రోష్‌కు చెందిన బృందం 2024లో పేగు ఇమ్యూనో-ఆర్గనాయిడ్లను ప్రచురించింది. వాటిలో కొన్ని టీ కణాలు ఉపకళ లోపలికి చేరి, కణాల మధ్య అటూ ఇటూ తిరుగుతూ కనిపించాయి. టీ కణాలే ప్రధానమైన ప్రశ్నకు మేము ఈ రెండో పద్ధతినే సూచిస్తాం. మాక్రోఫేజ్‌లు, డెండ్రిటిక్ కణాలు కావాలంటే మాత్రం ఎంజైము తప్పదు.

రక్తం నుంచి తీసిన టీ కణాలు వాడితే సరిపోదా?

పద్ధతి నేర్చుకోవడానికి, కొలతలు స్థిరపరచడానికి సరిపోతుంది. పేగు గురించి నిర్ధారణకు రావడానికి సరిపోదు. రక్తంలో తిరిగే టీ కణాల్లో సీడీ103, సీడీ69 (కణజాలంలో స్థిరపడిన కణాల గుర్తులు) రెండూ ఉన్నవి చాలా అరుదు. ఉపకళలోని ఈ-క్యాడ్‌హెరిన్‌ను పట్టుకునేది సీడీ103 ఉన్న ఇంటిగ్రిన్. అది లేని కణం ఆర్గనాయిడ్ పక్కనే తిరిగినా లోపల నిలవదు.

వేరే దాత రక్తం వాడితే ఇంకో చిక్కు: హెచ్‌ఎల్‌ఏ (తనదో పరాయిదో తెలిపే ప్రోటీన్ల) తేడా వల్ల టీ కణాలు ఆర్గనాయిడ్‌ను పరాయిదిగా చూసి దాడి చేస్తాయి. అది మీ మందు ప్రభావంలానే కనిపిస్తుంది. ఒకసారి ఇంటర్‌ఫెరాన్-గామా (టీ కణాలు వదిలే సైటోకైన్) విడుదలైతే ఉపకళ మీద హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ పెరిగి దాడి ఇంకా ముదురుతుంది. అదే వ్యక్తి కణజాలం, అదే వ్యక్తి కణాలు అన్న నియమం ఖర్చుతో కూడుకున్నదైనా దాన్ని సడలించడం మంచిది కాదు.

కలిపి పెంచేటప్పుడు ఏ మీడియం వాడాలి?

ఎక్కువ ప్రయోగాలు చెడేది ఇక్కడే. చెడిందని తెలియకుండానే చెడతాయి, ఎందుకంటే కణాలు బతికే ఉంటాయి, స్పందన మాత్రం అణిగిపోతుంది.

మనిషి పేగు ఆర్గనాయిడ్లు పెంచే మీడియంలో సాధారణంగా ఉండేవి: అడ్వాన్స్‌డ్ డీఎంఈఎం/ఎఫ్12, హెపిస్ 10 మిల్లీమోలార్, బీ27, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ సుమారు 1 మిల్లీమోలార్, నికోటినమైడ్ 10 మిల్లీమోలార్, వింట్-3ఏ కండిషన్డ్ మీడియం (ఆ ప్రోటీన్‌ను వదిలే కణాలు పెరిగిన ద్రవం) 50 శాతం, ఆర్-స్పాండిన్-1 కండిషన్డ్ మీడియం 10–20 శాతం, నాగిన్ 100 నానోగ్రాములు, ఈజీఎఫ్ 50 నానోగ్రాములు (రెండూ మిల్లీలీటరుకు), గ్యాస్ట్రిన్ 10 నానోమోలార్, ఏ83-01 500 నానోమోలార్, ఎస్‌బీ202190 10 మైక్రోమోలార్. విడగొట్టిన మొదటి రెండు రోజులు వై-27632 10 మైక్రోమోలార్.

ఇప్పుడు దీన్ని టీ కణం వైపు నుంచి చూడండి. ఏ83-01 టీజీఎఫ్-బీటా సంకేతాన్ని ఆపుతుంది. టీ కణం మీద సీడీ103 నిలవడానికి అదే సంకేతం కావాలి. ఎస్‌బీ202190 పీ38 మార్గాన్ని ఆపి సైటోకైన్ల విడుదలను తగ్గిస్తుంది. 10 మిల్లీమోలార్ నికోటినమైడ్ కూడా అదే దిశలో పనిచేస్తుంది. వై-27632 రో-కైనేజ్‌ను ఆపుతుంది కాబట్టి టీ కణాల కదలికే మారిపోతుంది. పైన చెప్పిన 2024 పనిలో పేగు మంటను తగ్గించే లక్ష్యంగా బయటపడింది రో మార్గమే. అంటే అలవాటుగా వేసే ఈ మందు మీరు వెతుకుతున్న ప్రభావాన్నే కప్పేయగలదు. పెద్దపేగు మీడియంలో కొందరు ప్రోస్టాగ్లాండిన్ ఈ2 వేస్తారు. అది కూడా టీ కణాలను అణచేదే. శ్వాసనాళ నమూనాల మీడియంలో ఉండే హైడ్రోకార్టిసోన్ సంగతి చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఆర్గనాయిడ్లను పూర్తి మీడియంలో పెంచండి. కలపడానికి 24–48 గంటల ముందు ఏ83-01, ఎస్‌బీ202190, నికోటినమైడ్, వై-27632 తీసేయండి. కలిపాక, ఈ నాలుగూ లేని ఆర్గనాయిడ్ మీడియం సగం, టీ కణాల మీడియం సగం. రెండో సగం అంటే 10 శాతం సీరం ఉన్న ఆర్‌పీఎంఐ. మొత్తానికి మిల్లీలీటరుకు 50–100 యూనిట్ల ఐఎల్-2, ఉపకళలో ఉండే టీ కణాలైతే 10 నానోగ్రాముల ఐఎల్-15 కూడా. ఈ మిశ్రమంలో ఆర్గనాయిడ్లు మూలకణాలను కోల్పోతూ పరిణతి వైపు వెళతాయి. మూడు నాలుగు రోజుల ప్రయోగానికి అది నష్టం కాదు, నిజమైన విల్లస్‌కు దగ్గరవుతాయి కూడా. ఎక్కువ రోజులు కావాలంటే ఎస్‌బీ202190 బదులు ఐజీఎఫ్-1 100 నానోగ్రాములు, ఎఫ్‌జీఎఫ్-2 50 నానోగ్రాములు (రెండూ మిల్లీలీటరుకు) వాడే 2018 నాటి జపాన్ బృందం మీడియం పరిశీలించదగ్గది. అందులో కణ రకాల వైవిధ్యం కూడా మెరుగ్గా ఉంటుంది.

ఐఎల్-2 ఎక్కువైతే మంచిదన్న అపోహ వదులుకోండి. వందల యూనిట్లు వేస్తే ప్రేరణ లేకుండానే టీ కణాలు చంపడం మొదలుపెడతాయి. అప్పుడు నియంత్రణ బావికీ పరీక్ష బావికీ తేడా మిగలదు.

కలిపే విధానం చెబుతారా?

పాసేజ్ చేసిన మూడు నాలుగు రోజులకు, 100–150 మైక్రాన్ల సైజులో ఉన్న ఆర్గనాయిడ్లు తీసుకోండి. మంచులా చల్లగా ఉన్న సెల్ రికవరీ ద్రావణంలో 30–60 నిమిషాలు ఉంచితే జెల్ కరుగుతుంది. 10 మైక్రోలీటర్లు మైక్రోస్కోపు కింద పెట్టి ఆర్గనాయిడ్లను లెక్కించండి. వేరే గొట్టంలో కొంత భాగాన్ని ఒంటరి కణాలుగా విడగొట్టి, ఒక్కో ఆర్గనాయిడ్‌కు సగటున ఎన్ని కణాలున్నాయో కూడా చూడండి. ఈ రెండో లెక్క చేయనివారు నిష్పత్తి గురించి రాసేదంతా ఊహే.

బొట్టుకు 200–300 ఆర్గనాయిడ్లు, 50 వేల నుంచి లక్ష టీ కణాలు మంచి మొదలు. రెండింటినీ కొద్దిపాటి మీడియంలో కలిపి, అంటుకోని ప్లేటులో 37 డిగ్రీల దగ్గర 30–60 నిమిషాలు ఉంచండి. తొలి తాకిడి ఇక్కడే జరుగుతుంది. తర్వాత 200 జీ వద్ద నెమ్మదిగా తిప్పి, పైద్రవం తీసి, చల్లని జెల్‌లో కలిపి, వెచ్చని 24 బావుల ప్లేటులో 30 మైక్రోలీటర్ల బొట్లు వేయండి. ఒక నిమిషం ఆగి ప్లేటు తిరగేయండి, లేకపోతే కణాలన్నీ అడుగుకు దిగి ప్లాస్టిక్‌కు అంటుకుంటాయి. 15 నిమిషాల తర్వాత 500 మైక్రోలీటర్ల మీడియం. ప్రేరేపించిన టీ కణాలు మీడియాన్ని ఒక్క రోజులో పసుపు చేస్తాయి. రోజూ సగం మార్చి, తీసిన సగాన్ని సైటోకైన్ కొలతకు ఫ్రీజర్‌లో పెట్టుకోండి.

టీ కణాలు జెల్‌లో కదలకుండా పడి ఉన్నాయి. ఎందుకు?

ఎక్కువసార్లు జెల్ మరీ చిక్కగా ఉండటమే కారణం. మ్యాట్రిజెల్ అనే ప్రోటీన్ల జెల్‌ను మాత్రమే, అదీ గాఢంగా వాడితే టీ కణాలు దూరే సందులు ఉండవు. మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాముల కొల్లాజెన్-1లో కొంత మ్యాట్రిజెల్ కలిపితే కదలిక బాగా మెరుగవుతుంది. కొల్లాజెన్‌ను సోడియం హైడ్రాక్సైడ్‌తో తటస్థం చేయడం మరవకండి, ఆమ్లంగా ఉన్న జెల్‌లో లింఫోసైట్లు మొదట చస్తాయి. మ్యాట్రిజెల్‌లో లాటుకొక ప్రోటీన్ గాఢత ఉంటుంది కాబట్టి ఘనపరిమాణంతో కాక మిల్లీగ్రాములతో లెక్క కట్టండి. అందులో సహజంగా టీజీఎఫ్-బీటా కూడా ఉంటుంది. గ్రోత్ ఫ్యాక్టర్లు తగ్గించిన రకం కొనడం, ఒక అధ్యయనం మొత్తానికి ఒకే లాటు పక్కన పెట్టుకోవడం మంచిది. రాత్రి 4 డిగ్రీల దగ్గర కరగనిచ్చి, చల్లబరచిన టిప్పులతోనే తీయండి. వేసవిలో ఏసీ సరిగా లేని కల్చర్ గదిలో 10 డిగ్రీలు దాటగానే అది గట్టిపడటం మొదలవుతుంది. మంచు పెట్టె పక్కనే లేకపోతే సగం టిప్పులోనే గడ్డకడుతుంది.

జెల్ బాగానే ఉంటే ఫ్రీజర్ నుంచి తీసిన టీ కణాలను అదే రోజు వాడారేమో చూడండి. కనీసం ఒక రాత్రి ఐఎల్-2లో విశ్రాంతి ఇవ్వాలి.

మందు వేయని బావుల్లోనూ ఆర్గనాయిడ్లు చచ్చిపోతున్నాయి. ఎలా వెతకాలి?

టీ కణాలు లేకుండా అదే మిశ్రమ మీడియంలో ఉంచిన ఆర్గనాయిడ్లను మొదట చూడండి. అవీ చస్తే తప్పు మీడియానిది. అవి బతికి, టీ కణాలతో ఉన్నవే చస్తే మూడు అనుమానాలు. దాతలు వేరు కావచ్చు. టీ కణాలను సీడీ3/సీడీ28 పూసలతో ప్రేరేపించి పెంచి, ఆ ఉద్రేకం తగ్గకముందే కలిపి ఉండవచ్చు. పూసలు అయస్కాంతంతో తీసేశాక మూడు నాలుగు రోజులు ఆగాలి. మూడోది, కణాలు తాకకుండానే ఇంటర్‌ఫెరాన్-గామా ఒక్కటే చంపుతూ ఉండవచ్చు. పేగు మూలకణాలు, వాటి పక్కనుండే పానెత్ కణాలు దానికి చాలా సున్నితం. ప్రేరేపించిన టీ కణాల పైద్రవాన్ని మాత్రమే ఆర్గనాయిడ్ల మీద వేసి చూస్తే ఇది తేలిపోతుంది. ఇంటర్‌ఫెరాన్-గామాను అడ్డుకునే యాంటీబాడీ బావి, హెచ్‌ఎల్‌ఏ క్లాస్-1ను అడ్డుకునే డబ్ల్యూ6/32 బావి ప్రతి ప్లేటులోనూ ఉండాలి. ఇవి లేని ఫలితాన్ని టీ కణం గుర్తించి చంపింది అని రాయడానికి వీల్లేదు.

ఆర్గనాయిడ్ మధ్యలో నల్లబడటం చావు కాదు. రాలిన కణాలు బయటికి పోయే దారి లేక కుహరంలో పేరుకుంటాయి.

మాక్రోఫేజ్‌లతో ట్రాన్స్‌వెల్ నమూనా ఎలా తయారు చేయాలి?

24 బావుల సైజు ఇన్సర్ట్ వైశాల్యం 0.33 చదరపు సెంటీమీటర్లు. పైవైపు కొల్లాజెన్-4 పూసి, ఆర్గనాయిడ్లను విడగొట్టి లక్ష నుంచి రెండున్నర లక్షల కణాలు, 200 మైక్రోలీటర్లలో వేయండి. కింద 600 మైక్రోలీటర్లు. వారం అటూ ఇటూగా పొర నిండుతుంది. నిండాక వింట్ తీసేసి నాలుగైదు రోజులు పరిణతి చెందనివ్వాలి. పొర మూసుకుందో లేదో విద్యుత్ నిరోధంతో తెలుసుకోవాలి. కణాలు లేని ఇన్సర్ట్ 120 ఓమ్‌లు, మీ ఇన్సర్ట్ 1,320 ఓమ్‌లు చూపితే, తేడా 1,200ను 0.33తో గుణిస్తే 396 ఓమ్-చదరపు సెంటీమీటర్లు. భాగించకండి, చాలామంది చేసే పొరపాటు అదే. ఇన్‌క్యుబేటర్ నుంచి తీసిన ప్లేటు గది ఉష్ణోగ్రతకు వచ్చాక చదవండి, లేకపోతే మొదటి బావికీ చివరి బావికీ అంకెలు జారుతూ ఉంటాయి.

మాక్రోఫేజ్‌ల కోసం రక్తంలోని సీడీ14 మోనోసైట్లను మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల ఎం-సీఎస్ఎఫ్‌లో ఆరేడు రోజులు పెంచండి. ఇన్సర్ట్‌ను స్టెరైల్ పెట్రీ డిష్‌లో తలకిందులుగా పెట్టి, అడుగు మీద 50 మైక్రోలీటర్లలో 50 వేల కణాలు వేసి, తేమ ఉన్న చోట రెండు గంటలు ఉంచి తిప్పేయండి. పైవైపు ఎండిపోకుండా ఈ పని చేయడానికి కాస్త చేతి నేర్పు కావాలి. జాన్స్ హాప్‌కిన్స్ బృందం 2017లో ఇలాంటి జత కల్చర్‌లోనే, ఉపకళ కింద ఉన్న మాక్రోఫేజ్‌లు పొర మధ్యలోంచి చేతులు చాచి పైవైపు ఉన్న ఈ. కోలీని అందుకోవడం చూపింది. 0.4 మైక్రాన్ల రంధ్రాల్లోంచి కణం దాటలేదు, చేతులు మాత్రమే చాచగలదు. న్యూట్రోఫిల్ వలస చూడాలంటే 3 మైక్రాన్ల రంధ్రాలు కావాలి.

జెల్‌లోని ఆర్గనాయిడ్‌కు బాక్టీరియాను ఇవ్వడం కుదురుతుందా?

జెల్‌లో ఉపకళ పైముఖం లోపలికి తిరిగి ఉంటుంది. బయట వేసిన బాక్టీరియా అసలు తాకకూడని అడుగు ముఖాన్ని తాకుతుంది. సూక్ష్మ సూదితో లోపలికి ఎక్కించవచ్చు, ఓపికుంటే. లేదా 5 మిల్లీమోలార్ ఈడీటీఏతో జెల్ పూర్తిగా తీసేసి, ఒకటి నుంచి మూడు రోజులు తేలియాడనిస్తే చాలా ఆర్గనాయిడ్లు లోపలి ముఖాన్ని బయటికి తిప్పుకుంటాయి. అన్నీ తిరగవు, ప్రతిసారీ యాక్టిన్ రంగు వేసి ఎంత శాతం తిరిగాయో చూడాలి. పైగా అప్పుడు టీ కణాలు తప్పు వైపు ఉంటాయి. రెండూ కావాలంటే ట్రాన్స్‌వెల్లే గతి.

యాంటీబాడీలు తయారయ్యే నమూనా ఉందా?

ఉంది, టాన్సిల్‌తో. పేగు ఆర్గనాయిడ్‌లా ఇందులో మూలకణాలు, జెల్ ఏమీ ఉండవు. ఆపరేషన్‌లో తీసిన టాన్సిల్‌ను కణాలుగా విడగొట్టి మళ్లీ దగ్గరగా చేరిస్తే అవే గుంపులు కడతాయి. లీసా వాగర్, మార్క్ డేవిస్ తదితరులు 2021లో ప్రచురించిన పద్ధతిలో 100 మైక్రోలీటర్లలో 60 లక్షల కణాలను ఇన్సర్ట్‌లో వేసి, కింద 1 మిల్లీలీటరు మీడియంలో బాఫ్ (బీ కణాలను బతికించే ప్రోటీన్) 1 మైక్రోగ్రాము కలుపుతారు. ఫ్లూ టీకా యాంటిజెన్ చేరిస్తే వారం రోజుల్లో ప్లాస్మాబ్లాస్టులు (యాంటీబాడీలు తయారుచేసే కణాలు), ఆ యాంటిజెన్‌కు ప్రత్యేకమైన యాంటీబాడీలు కనిపిస్తాయి. జర్మినల్ సెంటర్లను (బీ కణాలు యాంటీబాడీలను మెరుగుపరుచుకునే చోట్లను) పోలిన అమరిక కూడా ఏర్పడుతుంది.

ఇందులో సాంద్రతే కీలకం. కణాలను పల్చగా వేస్తే గుంపులు కట్టవు. ఫ్రీజర్‌లో దాచిన కణాలతోనూ పనిచేయడం పెద్ద సౌకర్యం, ఒకే దాతతో నెలల తర్వాత ప్రయోగం మళ్లీ చేయవచ్చు. దాతకు ముందే ఫ్లూ వచ్చి ఉంటే మీరు చూసేది జ్ఞాపక స్పందన అన్నది గుర్తుంచుకోండి.

వ్యాధి నమూనాగా ఇవి నిజంగా ఏమైనా తేల్చాయా?

సీలియాక్ వ్యాధిలో తేల్చాయి. గోధుమలోని గ్లూటెన్‌కు స్పందించే టీ కణాలు రోగి పేగులో ఉంటాయి, ఎలుకలో ఈ వ్యాధిని సరిగా అనుకరించడం కష్టం. 2024లో కువో బృందం రోగుల డుయోడినం (చిన్నపేగు మొదటి భాగం) బయాప్సీలను గాలి-ద్రవం సరిహద్దులో పెంచి గ్లూటెన్ పెప్టైడ్లు ఇచ్చింది. హెచ్‌ఎల్‌ఏ-డీక్యూ2.5 ఉన్న రోగుల కణజాలంలో ఉపకళ చావు కనిపించింది. ఐఎల్-7 పాత్ర అక్కడే బయటపడింది. ఉపకళ ఒక్కటే ఉన్న ఆర్గనాయిడ్‌లో ఇది ఎన్నటికీ కనిపించేది కాదు.

ఏం కొలవాలి?

ఫ్లో సైటోమెట్రీకి (గుర్తులను బట్టి కణాలను ఒక్కొక్కటిగా లెక్కించే పద్ధతికి) ఎప్‌క్యామ్ (ఉపకళ గుర్తు), సీడీ45 (రోగనిరోధక కణాల గుర్తు), సీడీ3, సీడీ4, సీడీ8, సీడీ69, సీడీ103, చచ్చిన కణాల రంగు ఉంటే చాలినంత సమాచారం వస్తుంది. జెల్ కరిగించడానికి డిస్పేజ్ వాడకండి, చాలా గుర్తులను కోసేస్తుంది. చావును కొలవడానికి తెగిన (క్లీవ్డ్) కాస్పేజ్-3 రంగు చూడండి, ఎల్‌డీహెచ్ (చచ్చిన కణాల నుంచి కారే ఎంజైము) మాత్రం మోసం చేస్తుంది, చచ్చిన టీ కణాల నుంచి కూడా వస్తుంది. ఇమేజింగ్‌కు టీ కణాలకు వేసే సెల్‌ట్రేస్ రంగు విభజనతో పల్చబడుతుంది కాబట్టి మూడో రోజు చుక్కలు తగ్గితే కణాలు పోయాయని అనుకోవద్దు. స్థిరీకరించాక ఫ్రక్టోజ్-గ్లిసరాల్ ద్రావణంలో ఉంచితే ఆర్గనాయిడ్ లోపలి టీ కణాలు కూడా కన్‌ఫోకల్‌లో స్పష్టమవుతాయి. టీ కణం ఆర్గనాయిడ్ పక్కన ఉందా, లోపల ఉందా అన్నది ఒకే తలం చిత్రంతో చెప్పలేం.

ఒకే దాత నుంచి పది బావులు వేసినా అది ఒకే నమూనా. గణాంకాల్లో లెక్కకు వచ్చేది దాతల సంఖ్య.

భారతదేశంలో అనుమతుల సంగతేమిటి?

శస్త్రచికిత్సలో పారేసే కణజాలమైనా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం సంస్థ నైతిక కమిటీ అనుమతి కావాలి. దాత సమ్మతి పత్రంలో జన్యు విశ్లేషణ, ఫ్రీజర్‌లో దాచడం, మందుల కంపెనీతో పంచుకోవడం విడివిడిగా రాయించుకోండి, తర్వాత అడగడం దాదాపు అసాధ్యం. టాన్సిల్ దాతలు ఎక్కువగా పిల్లలు కాబట్టి తల్లిదండ్రుల సమ్మతితో పాటు ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా అవసరం. కణజాలాన్ని హెచ్‌ఐవీ, హెపటైటిస్ ఉండవచ్చన్న భావనతోనే బీఎస్‌ఎల్-2 (రెండో స్థాయి జీవభద్రత) ప్రయోగశాలలో చూడాలి. 2023 మార్చిలో కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలకు చేసిన సవరణతో ఆర్గనాయిడ్, అవయవ చిప్ వంటి జంతురహిత పరీక్షలకు చట్టంలో చోటు దొరికింది. హైదరాబాద్‌లోని ఔషధ కంపెనీల బయోలాజిక్స్ విభాగాలకు ఇది నేరుగా సంబంధించిన మార్పు.

ఇవి చెప్పలేనివి ఏమిటి?

కొత్త కణాలు రక్తం నుంచి రావడం, లింఫ్ గ్రంథికి వెళ్లి తిరిగి రావడం, నాడుల ప్రభావం, నెలల తరబడి సాగే వాపు ఇవేవీ వీటిలో లేవు. మందు మోతాదును సరాసరి రోగికి అన్వయించడమూ కుదరదు, ఎందుకంటే బొట్టులోని మందు గాఢతకూ పేగు గోడలోని గాఢతకూ సంబంధం విడిగా లెక్క కట్టాలి.

మైకోప్లాస్మా పరీక్ష ఎంత తరచుగా చేయాలి?

మైకోప్లాస్మా కల్చర్లకు కనిపించకుండా పట్టే చిన్న బాక్టీరియా. లైను మొదలుపెట్టిన రెండో పాసేజీలో ఒకసారి, ఆ తర్వాత నెలకోసారి, ఫ్రీజర్‌లో పెట్టేముందు తప్పనిసరిగా. వింట్, ఆర్-స్పాండిన్ కండిషన్డ్ మీడియం తయారు చేసే కణాలను కూడా పరీక్షించండి. ఒక్కసారి వాటికి పట్టిందంటే ప్రయోగశాలలోని ప్రతి ఆర్గనాయిడ్ లైనుకూ మీడియం ద్వారా పాకుతుంది. టీ కణాలు మైకోప్లాస్మా లిపోప్రోటీన్ల ఉనికిలో కారణం లేకుండా ఉద్రేకపడినట్టు కనిపిస్తాయి. అదే లక్షణం ఎండోటాక్సిన్ (బాక్టీరియా విషం) ఉన్న కొల్లాజెన్ లాటుతోనూ వస్తుంది. ఖాళీ జెల్‌లో మోనోసైట్లు ఒక రాత్రి ఉంచి ఐఎల్-6 కొలిస్తే, తప్పు జెల్‌దో కాదో మర్నాటికల్లా తెలుస్తుంది.